వెన్నుదన్ను

2023వ సంవత్సరం నవంబరు నెలలో ఒక ఉదయం, హైదరాబాదు నుండి కర్నూలు వెళ్లే రహదారిలో, అలంపురం చౌరస్తాకు కొంచెం ఇవతల, ఒక టీ కొట్టు ముందు పెద్ద మోటారు సైకిలు ఆగింది. వెనుక కూర్చున్న ఆవిడ ముందుగా దిగి పక్కన నిలబడింది. నడుపుతున్న ఆయన స్టాండు వేశాడు, అతి ప్రయత్నం మీద కుడికాలు ఇవతలికి తెచ్చుకున్నాడు, నేలమీద నిలబడ్డాడు. కాని నిటారుగా నిలబడలేకపోయాడు. నడుము సగానికి వంగి అక్కడే బిగుసుకొనిపోయింది. టీ కొట్టతను బెంచీ మీది దుమ్ము దులిపి "కూసో సార్" అన్నాడు. కూర్చోవడమే తన జబ్బు అని అతనికి చెప్పే ఓపిక ఆయనకు లేకపోయింది.

ఆయన లెక్కల మాస్టారు. 61వ ఏట, ఆ యేడాదే పదవీ విరమణ చేశాడు. పెండ్లయిన కొత్తలో, 1986లో, అప్పు చేసి ఒక బుల్లెట్ కొన్నాడు. దానిమీద భార్యను కన్యాకుమారికి తీసుకువెళతానని మాట ఇచ్చాడు. 1991లో చెల్లెలి పెండ్లికి ఆ బండి అమ్ముడుపోయింది. ఆ తరువాత స్కూటరు, ఆ తరువాత పొదుపుగా నడిచే చిన్న మోటారు సైకిలు, ఇల్లు, బడి, ఇల్లు. మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. అటక మీది ఇత్తడి బిందెలాగా ఉండిపోయింది. ఉద్యోగం ముగిసి చేతికి డబ్బు రాగానే, "కారులో వెళ్లవచ్చు కదా నాన్నా" అని కొడుకు అంటున్నా వినకుండా, సుమారు నాలుగు లక్షల రూపాయలు పోసి 650 సి.సి. క్రూయిజరు కొన్నాడు. ఆ బండి మొదటి దూర ప్రయాణమే అలంపురం చౌరస్తా దగ్గర ముగిసింది. 1,250 కిలోమీటర్ల దారిలో 200 అయినా పూర్తి కాలేదు. అరగంట బెంచీ మీద వెల్లకిల పడుకొని, తరువాత 30 కిలోమీటర్లకొక చోట ఆగుతూ, పొద్దు గూకే వేళకు ఇంటికి చేరారు. "అమ్మేద్దామా?" అని ఆయన అడిగాడు. "ముందు ఆ సీటు సంగతి చూడండి" అన్నది ఆవిడ.

మనిషి వెన్నెముకలో పూసలు 33. అడుగున ఉన్నవి పెరిగే వయసులోనే ఒకదానికొకటి అతుకుకొనిపోగా, కదలిక కలవి మెడలో 7, వీపులో 12, నడుములో 5. ఈ చివరి అయిదింటి మీదనే పై శరీరపు బరువంతా పడుతుంది. నడుము దగ్గర వెన్ను సహజంగా లోపలికి వంగి ఉంటుంది. గోడకు ఆనుకొని నిలబడితే అక్కడ అరచేయి దూరేంత సందు దొరుకుతుంది. మనిషి కూర్చోగానే కటి వెనుకకు తిరుగుతుంది, ఆ సందు పూడుకొనిపోతుంది. కాళ్లు ముందుకు చాచి కూర్చుంటే మరీ. పూసకూ పూసకూ నడుమ ఉండే డిస్కుల ముందు అంచు నలుగుతుంది, వెనుక అంచు సాగుతుంది. ఎదిగిన మనిషి డిస్కులలో రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టుపట్ల నుండి ఊరే ద్రవమే వాటికి ఆహారం. ఆ ఊట సాగాలంటే వాటి మీది ఒత్తిడి మారుతుండాలి, అనగా మనిషి కదులుతుండాలి. కదలకుండా కూర్చున్న వాడి డిస్కులు పస్తులుంటాయని చెప్పినా పెద్ద తప్పు కాదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ అనే ఎముకల వైద్యుడు 1960వ దశకంలో ఒక సాహసం చేశాడు. బ్రతికి తిరుగుతున్న మనుషుల నడుము డిస్కులోకి సూది దింపి, ఏ భంగిమలో ఎంత ఒత్తిడి ఉంటుందో కొలిచాడు. ఆసరా లేకుండా కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటికంటె ఎక్కువ అని తేలింది. ఆయనా, సహచరులూ 1970వ దశకంలో కుర్చీల మీద అదే పరీక్ష జరిపి, వీపు ఆనుకునే పలక వెనుకకు వాలిన కొద్దీ, నడుము గుంటలో చిన్న ఆసరా నిలిచిన కొద్దీ, ఆ ఒత్తిడి తగ్గుతుందని చూపారు. 1999లో జర్మనీలోని ఊల్మ్ పట్టణపు పరిశోధకులు ఒక్క మనిషి డిస్కులో కొలత సాధనం అమర్చి చూడగా లెక్క కొంత మారింది. ఊరికే కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటికంటె కొంచెం తక్కువగానే కనిపించింది. కాని వెనుకకు చేరగిలబడితే అది బాగా తగ్గుతుందన్న సంగతిలో ఇద్దరికీ పేచీ లేదు. పడక కుర్చీని కనిపెట్టినవాడు ఏ సూదీ దించకుండానే ఈ విషయం గ్రహించాడు.

కాని పడక కుర్చీ కదలదు. మోటారు సైకిలు కదులుతుంది, కదిలిస్తుంది. కూర్చున్న మనిషి వెన్నుకు సెకనుకు 4 నుండి 6 సార్లు వచ్చే కుదుపు అన్నిటికంటె చెడ్డది. ఆ లయకు శరీరం తానూ తోడై ఊగి, కింద పుట్టిన కుదుపును పైకి పోయేసరికి పెంచుతుంది. గుంతల దారిలో చక్రం ఇచ్చే కుదుపులలో ఈ జాతివి తక్కువేమీ కావు. పాతకాలపు ఎద్దుబండిలో లోపలివారు గడ్డి పరచుకొని, బాలీసు వెనుక పెట్టుకొని వెళ్లేవారు. తోలేవాడికి మాత్రం నొగ మీది పలక తప్ప ఆసరా లేదు. గుర్రపు స్వారీలో యుద్ధానికి వాడిన జీనులకు వెనుక అంచు ఎత్తుగా లేపి కట్టేవారు. ఈటె దెబ్బకు రౌతు వెనుకకు పడకుండా అదే నిలిపేది. అంబారీలో రాజుకు నాలుగు వైపులా దిండ్లు; ఏనుగు మెడమీద మావటికి ఏమీ లేదు. ప్రయాణంలో సుఖం ఎప్పుడూ వెనుక కూర్చున్నవారిదే అయినట్లు కనిపిస్తుంది. మన దేశపు మోటారు సైకిలు ఒక్కటే ఈ రివాజును తిరగవేసింది.

మన దేశంలో మోటారు సైకిలు మీద వెనుక సీటు భార్యది, పిల్లలది, బియ్యం మూటది, పెండ్లికి వచ్చిన చుట్టానిది. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ సంస్థ ఇక్కడ అడుగుపెట్టిన నాటి నుండి, జావాలు, రాజ్‌దూత్‌లు, 1985 తరువాతి వంద సి.సి. బండ్లు అన్నీ ఈ భారం మోసినవే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం ఈ వెనుక మనిషి గురించే ఉన్నది. పట్టుకోవడానికి ఒక పిడి, కాలు పెట్టుకోవడానికి ఒక ఆనుడు, బట్ట చక్రంలో పడకుండా చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు, ఈ మూడూ ఉండి తీరాలి. చీర కొంగు ఊపిరి తీయకుండా కాపాడే ఆ కంచె ఎంతమంది ప్రాణాలు నిలిపిందో! కాని వెనుక మనిషి వీపు గురించి గాని, ముందు మనిషి వీపు గురించి గాని నియమంలో మాట లేదు.

అమెరికాలో సంగతి వేరు. అక్కడి రహదారులు తిన్నగా, విశాలంగా వందల మైళ్లు సాగుతాయి. 1965లో హార్లీ డేవిడ్‌సన్ ఎలెక్ట్రా గ్లైడ్, 1975లో హోండా గోల్డ్ వింగ్ వచ్చిన తరువాత దూర ప్రయాణాల బండ్లు ఒక జాతిగా స్థిరపడ్డాయి. నడిపేవాడి వెనుక తొడిగే ఆనుడు దిండును అక్కడ విడిగా కొని పెట్టుకునే అలవాటు పాతది. క్రూయిజరు వంటి బండి మీద అది విలాసం కాదు. ముందుకు వంగి నడిపే పందెపు బండి మీద కొంత బరువు మణికట్ల మీదికి పోతుంది, గాలి ఛాతీని కొంత మోస్తుంది. నిటారు బండి మీద పాదాలు సరిగ్గా కిందనే ఉంటాయి కనుక గుంత వచ్చినపుడు మోకాళ్ల మీద లేచి నిలబడవచ్చు. క్రూయిజరు మీద పాదాలు ముందుకు పోయి ఉంటాయి. లేవడానికి వీలుండదు. గుంతలో పడిన ప్రతి కుదుపూ పిరుదుల ఎముకల నుండి తిన్నగా నడుములోకి ఎక్కుతుంది. దానికి తోడు ఎదురుగాలి. వేగం రెట్టింపయితే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయేటపుడు ఆ గాలి ఛాతీని వెనుకకు తోస్తుంటే, మనిషి రెండు చేతులతో హ్యాండిలుకు వేలాడుతూ ఉంటాడు. వేలాడుతున్నానని అతనికి తెలియదు. సాయంత్రం భుజాలు చెబుతాయి.

మాస్టారు ముందుగా వైద్యుని దగ్గరికి వెళ్లాడు. ఈ వరుస సరైనదే. నొప్పి మోకాలి కిందికి పాకుతున్నదా, కాలు మొద్దుబారుతున్నదా, మలమూత్రాల మీద పట్టు తప్పుతున్నదా అని వైద్యుడు అడిగాడు. ఈ లక్షణాలున్నవారు, ముఖ్యంగా చివరిది కనిపించినవారు, దిండ్లు వెదుకుతూ ఒక్క పూట కూడా గడపరాదు. మాస్టారికి అవేవీ లేవు. కండరాలు బిగుసుకొనడం తప్ప మరేమీ లేదన్నాడు వైద్యుడు. గంటకొకసారైనా దిగి నడవమన్నాడు; పొట్ట కండరాలకూ, వెన్ను కండరాలకూ వ్యాయామం రాసి ఇచ్చాడు. వెనుక జేబులో లావుపాటి పర్సు ఉండగా చూసి, అది తీసి బల్ల మీద పెట్టించాడు. పర్సు మీద కూర్చుంటే కటి ఒక పక్కకు ఒరుగుతుంది, 200 కిలోమీటర్లు ఒరిగే ఉంటుంది. లెక్కల మాస్టారుకు ఇంత చిన్న కోణం తట్టకపోవడం ఆశ్చర్యం.

ఆ తరువాత ఆయన తప్పు చేశాడు. బజారులో, అన్ని బండ్లకూ సరిపోతుందని చెప్పిన ఒక ఆనుడు దిండును కొన్నాడు. నల్లని రెగ్జిను, మెరిసే ఇనుప కాడ, చూపులకు దర్జాగా ఉన్నది. బిగించుకొని నగరం చుట్టూ ఒక చక్కరు కొట్టి వచ్చేసరికి నొప్పి నడుము నుండి భుజాల నడుమకు మారింది. దిండు ఎత్తుగా ఉన్నది. అది రెక్క ఎముకల మధ్య తగిలి పై వీపును ముందుకు తోస్తున్నది, ఆసరా కావలసిన నడుము గుంట ఖాళీగా ఉండిపోతున్నది. పైగా దాన్ని ఆనుకోవాలంటే ఆయన రెండు అంగుళాలు వెనుకకు జరగాలి. జరిగితే మోచేతులు కర్రల్లా చాచుకొనిపోతాయి. చాచిన చేతులతో హ్యాండిలు తిప్పడం కష్టం. ప్రతి కుదుపూ హ్యాండిలు నుండి భుజంలోకి వస్తుంది, భుజపు కదలిక తిరిగి యాక్సిలరేటరులోకి పోతుంది. ఆనుడు మనిషి దగ్గరికి రావాలి గాని, మనిషి ఆనుడు దగ్గరికి పోకూడదు. ఈ ఒక్క సూత్రం తెలిసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

కొలవడం కష్టమైన పని కాదు. బండిని ఇద్దరు నిటారుగా పట్టుకోగా, నడిపేవాడు తాను రోజూ తొడుక్కునే జాకెట్టుతోనే ఎక్కి కూర్చోవాలి. వీపు రక్షణకు జాకెట్టులో గట్టి పలక ఉంటే దాని మందం కూడా లెక్కలోకి రావాలి గదా. పాదాలు వాటి చోట్ల, చేతులు హ్యాండిలు మీద, మోచేతులు కాస్త వంగి ఉండాలి. అప్పుడు నడుము గుంట సీటుకు ఎంత ఎత్తున ఉన్నది, ముందు సీటు వెనుక అంచుకు ఎంత దూరాన ఉన్నది మరొకరు కొలవాలి. దిండు కింది అంచు తోక ఎముకకు తగలరాదు. పై అంచు రెక్క ఎముకల కిందనే ఆగిపోవాలి. వెడల్పు నడుమును మించితే మలుపులో శరీరం పక్కకు జరిగేటపుడు అడ్డం వస్తుంది. తాకీ తాకనట్లు తాకితే చాలు. మంచి ఆనుడు పొద్దుటిపూట ఉన్నదని తెలియదు, మధ్యాహ్నానికి తెలుస్తుంది. ఎత్తు, వాలు, దూరం మూడూ మార్చుకునే వీలున్నది దొరికితే మరీ మంచిది, ఎందుకంటే పొద్దుటి వెన్నూ సాయంత్రపు వెన్నూ ఒకటి కావు.

బిగింపు సంగతి ఇంకా ముఖ్యం. సీటు అడుగున ఉండే ప్లాస్టిక్ పలకకు రెండు మరలు బిగించి వదిలేసే దుకాణాలున్నాయి. ఒక మనిషి బరువు వెనుకకు పడితే ఆ పలక ఎంతసేపు ఆగుతుంది? బరువు ఇనుప పట్టీ గుండా బండి చట్రానికి, ఇదివరకే ఉన్న బోల్టుల దగ్గరికి చేరాలి. చట్రానికి వెల్డింగు పెట్టించడం మాత్రం ఎన్నడూ కూడదు. ఆ వేడికి లోహం బలం మారిపోతుంది. బండి కుదుపులకు నట్లు వదులవుతాయి కనుక పొద్దున బయలుదేరే ముందు చేయి పెట్టి చూసుకోవడం అలవాటు కావాలి. వెనుక మూటలు, మధ్యలో దిండు ఉన్నపుడు కాలు ఎత్తి అవతలికి వేయడం అరవై ఏండ్లవారికి సులువు కాదు. దిండు ముందుకు మడతపడేదిగానో, చేతితో లాగితే ఊడేదిగానో ఉండాలి. ఇవేవీ కొనలేనివారు వెనుక సీటు మీద బట్టల సంచిని నిలువుగా కట్టుకొని ఆనుకోవడం లారీ డ్రైవరుకు కూడా తెలిసిన ఉపాయమే. ఒంటరిగా పోయేవాడికి దానికి మించిన దిండు లేదు. అందులో గట్టి వస్తువులు లేకుండా చూసుకుంటే చాలు.

మాస్టారికి ఎవరో పాతబస్తీ సందులో సీట్లు కుట్టే ఒక ముసలి మేస్త్రీ పేరు చెప్పారు. మేస్త్రీ దిండు వైపు చూడనైనా చూడలేదు. ఇద్దరు కుర్రాళ్లచేత బండిని నిటారుగా పట్టించి, సీటు మీద చిన్న చెక్క పలక పరిచాడు, దాని మీద ఒక గోళీ పెట్టాడు. గోళీ నెమ్మదిగా ట్యాంకు వైపు దొర్లి కింద పడింది.

"గోళీయే నిలుస్తలేదు సార్, మీరెట్ల నిలుస్తరు? మీరు ముందుకు జారుతనే ఉన్నరు, దిండు ఎనకనే ఉంటది. ఇగ అది ఎవలికి ఆసరా?"

లెక్కల మాస్టారు ముప్ఫయి ఏండ్లు పిల్లలకు వాలు తలాల లెక్కలు చెప్పినవాడే. తాను కూర్చున్న తలం వాలును ఎన్నడూ చూడలేదు. జారిపోకుండా కాళ్లతో తన్నిపట్టి, చేతులతో తోసిపట్టి, రోజంతా ఆయన చేస్తున్న చాకిరీయే నడుములో నొప్పిగా నిలబడిందన్నమాట. మేస్త్రీ సీటు విప్పి స్పంజిని నొక్కి చూపాడు. దుకాణంలో కూర్చుంటే పరుపులాగా ఉన్న ఆ మెత్తదనం గంట గడిచేసరికి అణిగి, అడుగు పలక తగులుతుంది. దూర ప్రయాణానికి గట్టి స్పంజి కావాలి. మొదటి అయిదు నిమిషాలు అది నచ్చదు, అయిదవ గంటలో నచ్చుతుంది. పిరుదుల ఎముకల కింద వెడల్పుగా, తొడల దగ్గర సన్నగా, చదునుగా, వెనుక అంచు వేలెడంత లేచి ఉండేలా కోసి అతికించాడు. జెల్లు పొర వేయమని మాస్టారు అడిగితే, ఎండలో నిలిపిన బండి మీద అది కాలుతుందని వారించాడు.

తరువాత మేస్త్రీ, "అమ్మను గూడ కూసోబెట్టుండ్రి" అన్నాడు. ఆవిడ కూర్చోగానే వెనుక స్ప్రింగులు దాదాపు అట్టడుగుకు దిగిపోయాయి. అవి ఒంటరి మనిషికి అమర్చి ఉన్నాయి. ఇద్దరికీ, మూటలకూ సరిపడేలా స్ప్రింగు కింది పళ్ల చక్రాన్ని తిప్పి బిగించుకోవచ్చునని బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నది, దానికి పనిముట్టు కూడా బండిలోనే ఉన్నది. కొన్ననాటి నుండి దాన్ని ఎవరూ ముట్టలేదు. దేశంలో ఎన్ని లక్షల బండ్లలో ఆ పనిముట్టు తుప్పు పట్టి ఉన్నదో.

ఇక దిండు. కాడ కోసి పొట్టిచేసి, నడుము గుంట ఎత్తుకు తెచ్చి, ముందు సీటు వెనుక అంచు దగ్గర నిలిపి చూశారు. మాస్టారి ముఖం విప్పారింది. ఆవిడ మోకాళ్లు మాత్రం ఆ కాడకు అటూ ఇటూ చీలిపోయాయి; దిండు వెనుక వైపు ఆవిడ కడుపుకు తగులుతున్నది. కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా, "నా చేతులు ఎక్కడ పెట్టుకోనండీ?" అని అడిగింది.

అడిగిన తీరులో నిష్ఠూరం లేదు. అయినా మాస్టారు బండి దిగాడు. ఆవిడ అప్పుడు చెప్పిన సంగతి ఆయన అంతవరకూ ఆలోచించనిది. "మీరు బ్రేకు వేసినపుడల్లా నేను మీ వీపు మీదనే పడుతున్నాను. వేగం పెంచినపుడల్లా వెనుకకు పోకుండా మీ జాకెట్టు పట్టుకొని వేలాడుతున్నాను. కునుకు వస్తే మీమీదే వాలుతున్నాను. మొన్న కర్నూలు దారిలో మీ నడుము మోసింది మీ ఒక్కరినే కాదు." ఇందులో యంత్రశాస్త్రం పూర్తిగా ఉన్నది. వెనుక మనిషికి ఆనుకోవడానికి ఒక పలక, పట్టుకోవడానికి రెండు పిడులు ఉంటే, వేగం పెరిగినప్పటి లాగుడు పలకకూ, బ్రేకు వేసినప్పటి తోపు చాలావరకు పిడులకూ పోతాయి. లేకపోతే అవన్నీ ముందు మనిషి నడుములోకి పోతాయి. నడిపేవాడి నొప్పికి వెనుక సీటులో మందు ఉండవచ్చునని దుకాణాలవారు చెప్పరు. రెండు దిండ్లు అమ్మగలిగినపుడు ఒకటి చాలునని ఎందుకు చెబుతారు?

చివరికి ముందుగా బిగించింది ఆవిడ ఆనుడునే. చట్రపు బోల్టులకు పట్టీలు వేసి, నడుము నుండి వీపు సగం వరకు వచ్చే వెడల్పయిన పలక నిలిపి, పక్కల పిడులు అమర్చారు. మాస్టారి దిండు రెండు పిన్నులతో ఊడివచ్చేలా మారింది. ఎనిమిది అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల ఎత్తు, అంతే. డిసెంబరు నెలంతా ఆయన వైద్యుడు చెప్పిన వ్యాయామాలు చేశాడు. ఒంటరిగా నగరం చుట్టూ తిరిగి దిండును ఒక అంగుళం కిందికి, మరొక అరంగుళం ముందుకు జరిపించాడు. మేస్త్రీ నాలుగవసారి విసుక్కున్నాడు.

2024 జనవరిలో మళ్లీ బయలుదేరారు. 60 కిలోమీటర్లకొకసారి ఆగడం నియమం. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటారు. అలంపురం చౌరస్తా టీ కొట్టు ముందు మాస్టారు కావాలనే ఆగాడు. దిగి, నిటారుగా నిలబడి, టీ తాగాడు. కొట్టతను గుర్తుపట్టలేదు. గుత్తి కోట కనిపించే సమయానికి ఆవిడ మోకాళ్లు నొప్పి అన్నది. మాస్టారు పిన్నులు లాగి తన దిండు తీసి సంచిలో పెట్టాడు. అనంతపురం చేరేదాకా అది లేదనే సంగతి ఆయనకు పెద్దగా తెలియలేదు. చదునైన సీటు, బిగిసిన స్ప్రింగులు, జాకెట్టు పట్టి లాగని చేతులు, ఇవే చాలాదూరం మోశాయి.

చాలాదూరమే గాని, అంతదూరమూ కాదు. రెండవ నాడు బెంగుళూరు రద్దీ భుజాలను పిండింది. మూడవ నాడు తొప్పూరు కనుమ దిగి, సేలం దాటి, మదురై చేరేసరికి నడుములో పాత చోటనే సన్నగా మొదలయింది. నాలుగవ నాటి దారి తిన్ననిది, ఎదురుగాలిది. విరుదునగర్, కోవిల్‌పట్టి మీదుగా తిరునెల్వేలి వరకు చెట్టు నీడ కూడా తక్కువ. పొద్దున బండి కట్టుకుంటుంటే ఆవిడే సంచిలోంచి దిండు తీసి ఇచ్చింది. "ఇవాళ పెట్టుకోండి. వంద కిలోమీటర్లు నేను సర్దుకుంటాను." వంద అన్నది నూట యాభై అయింది. తిరునెల్వేలి దగ్గర ఆయనే తీసివేశాడు. ముప్పందల్ కనుమలో వందలకొద్దీ గాలిమరలు తిరుగుతున్నాయి. పక్కగాలికి బండి ఊగితే ఆవిడ పిడులు వదిలి, చాలా రోజుల తరువాత, ఆయన నడుము చుట్టూ చేతులు వేసింది. అది నడుముకు మంచిదో చెడ్డదో ఆయన లెక్క వేయలేదు.

మర్నాడు తెల్లవారకముందే కన్యాకుమారి ఒడ్డున జనం చేరారు. ఆవిడ రాతి గట్టు మీద కూర్చున్నది. వెనుక గోడకూ తనకూ నడుమ ఆ ఎనిమిది అంగుళాల దిండును పెట్టుకున్నది. సూర్యుడు సముద్రంలోంచి పూర్తిగా పైకి వచ్చాక, తిరుగు ప్రయాణానికి బండి సిద్ధం చేస్తూ మాస్టారు దిండు కోసం చేయి చాచాడు.

"కాసేపు ఆగండి" అన్నది ఆవిడ.